జవాబు తెలిస్తేనే ప్రశ్న కుదురుతుంది

 

ఇంగ్లీషు చదువుకొనే మన పిల్లలకు బడిలో జరిగే అభ్యాసమంతా జవాబులదే. ప్రశ్న పుస్తకంలో ముందే అచ్చయి ఉంటుంది. దాని కింద జవాబు వ్రాస్తే మార్కులు పడతాయి. పదేళ్లపాటు ఇలా చదివిన విద్యార్థికి ఆసుపత్రిలోనో, రైల్వే స్టేషన్‌లోనో, ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో తానే ఒక ప్రశ్న అడగవలసి వస్తే నోరు పెగలదు. జీవితంలో మాత్రం ముందుగా కావలసింది ప్రశ్నే. అడగడం తెలియనివాడు ఇతరులు చెప్పినదానితో సరిపెట్టుకోవలసి వస్తుంది. అందుకే ఈ నెల ఇంగ్లీషు ప్రశ్నార్థక పదాలను గురించి, అంటే "వాట్, విచ్, హూ, వెన్, వేర్, వై, హౌ" అనే వాటిని గురించి తెలుసుకొందాం.

ఇది కేవలం పరీక్షల విషయం కాదు. మన గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి, ఎందరో స్త్రీపురుషులు కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్లారు. అక్కడి మందుల దుకాణంలో నిలబడినవారు ఈజిప్టు దేశస్థులు కావచ్చు, ఫిలిప్పీన్స్ వారు కావచ్చు. వారికీ మనకూ మధ్య ఉమ్మడిగా మిగిలేది తరచుగా కొద్దిపాటి ఇంగ్లీషే.

ఒక సందర్భం ఊహించండి. మన ప్రాంతపు సోదరి ఒకరు తాను పనిచేసే ఇంట్లోని పసిబిడ్డ కోసం జ్వరం మందు తీసుకొంటున్నారు. ఆమె తెలుసుకోవలసినవి మూడు. ఒక్కో విడతకు ఎంత మందు పట్టాలి? ఎన్ని గంటలకోసారి పట్టాలి? ఎన్ని రోజులు పట్టాలి? తెలుగులో ఈ మూడూ ఆమెకు స్పష్టంగానే ఉన్నాయి. ఎన్ని గంటలకోసారి అని అడగదలచి ఆమె "హౌ లాంగ్?" అన్నారనుకోండి. దుకాణదారు "ఫైవ్ డేస్" అంటాడు. అతడు చెప్పినది ఐదు రోజులు వాడమని. ఆమె అర్థం చేసుకొన్నది ఐదు రోజులకోసారి వాడమని. అడిగినవారిలోగానీ చెప్పినవారిలోగానీ దురుద్దేశం లేదు. ప్రశ్నలో ఒక్క పదం తప్పినందుకు బిడ్డకు రెండో విడత మందు అందకుండా పోతుంది.

ఆమె అడగవలసిన మూడు ప్రశ్నలు ఇవి. "హౌ మచ్ షుడ్ ఐ గివ్?" అంటే ఎంత పట్టాలి. "హౌ ఆఫెన్ షుడ్ ఐ గివ్ ఇట్?" అంటే ఎంతసేపటికోసారి. "ఫర్ హౌ మెనీ డేస్?" అంటే ఎన్ని రోజులు. మన ఇళ్లలో గల్ఫ్‌కు ప్రయాణమయ్యేవారెవరైనా ఉంటే కనీసం ఈ మూడింటినీ నోటికి వచ్చేలా నేర్పించి పంపండి.

ముందు జవాబును తలచుకోండి

ప్రశ్నార్థక పదాలను ఎలా ఎంచుకోవాలి? చాలామంది తెలుగు పదానికి ఎదురుగా ఒక ఇంగ్లీషు పదం పెట్టుకొని కంఠస్థం చేస్తారు. ఎలా అంటే "హౌ", ఏమిటి అంటే "వాట్", ఎంత అంటే "హౌ మచ్". ఈ పట్టిక మొదటి మెట్టు వరకే పనికి వస్తుంది. రాజమహేంద్రవరంలో కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ గారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే అచ్చయింది. ఆనాటి నుంచి మనకు నిఘంటువుల కొరత లేదు. అయితే నిఘంటువు అర్థం చెబుతుంది గానీ సందర్భానికి తగినదానిని ఎంచి ఇవ్వదు. ఆ ఎంపిక మనమే చేసుకోవాలి.

దానికి సులభమైన మార్గం ఒకటున్నది. ప్రశ్నను అనువదించకండి. మీకు రావలసిన జవాబు ఎలాంటిదో ముందుగా మనసులో అనుకోండి. జవాబు "మూడు" అని రావాలా? అయితే "హౌ మెనీ". "రెండు కిలోలు" అని గానీ "నూరు రూపాయలు" అని గానీ రావాలా? "హౌ మచ్". "వారానికోసారి" అని రావాలా? "హౌ ఆఫెన్". "నాలుగు గంటలు పడుతుంది" అనా? "హౌ లాంగ్". "పది కిలోమీటర్లు" అనా? "హౌ ఫార్". "పన్నెండేళ్లు" అనా? "హౌ ఓల్డ్". తెలుగులో ఇవన్నీ ఎంత, ఎన్ని అనే రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి. ఇంగ్లీషు మాత్రం ఒక్కో కొలతకు ఒక్కో మాటను "హౌ" పక్కన చేర్చుకొంటుంది. కాబట్టి ఎంత అనే మాట దగ్గర ఆగిపోక, "దేనిలో ఎంత?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు వెళ్లినవారు "హౌ మెనీ కోకోనట్స్?" అంటే కాయల లెక్క అడిగినట్లు. "హౌ మచ్ ఆర్ ద కోకోనట్స్?" అంటే ధర అడిగినట్లు. రూపాయలను లెక్కపెట్టగలిగినా ధర అడిగేటప్పుడు "మచ్" అనే అంటారు. బియ్యం, పాలు, నూనె, నీరు మొదలైనవి గింజగానో చుక్కగానో లెక్కకు రావు కనుక వాటికి "హౌ మచ్". అదే బియ్యాన్ని బస్తాలలో చెబితే "హౌ మెనీ బ్యాగ్స్". ఈ తేడా తెలుగువారికి కొత్త కాదు. బియ్యం ఎంత, బస్తాలు ఎన్ని అని మనం రోజూ అనేదే. పైగా మనుషుల కోసం తెలుగులో ఎందరు అనే ప్రత్యేకమైన మాట కూడా ఉన్నది. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు. మనుషులైనా, కొబ్బరికాయలైనా "హౌ మెనీ" అనే అనాలి.

"హౌ లాంగ్" విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. అది కాలానికీ, పొడవుకూ రెండింటికీ వస్తుంది. రాజమండ్రి వద్ద గోదావరిపై ఉన్న ఆర్చి వంతెనను గురించి "హౌ లాంగ్ ఈజ్ ద బ్రిడ్జ్?" అంటే జవాబు సుమారు 2.7 కిలోమీటర్లు. "హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్ టు క్రాస్ ఇట్?" అంటే జవాబు నిమిషాలలో వస్తుంది. "టేక్" అనే క్రియ చేరగానే ప్రశ్న కాలం వైపు మళ్లిందని గుర్తు.

అరబీ చదువుకొన్న విద్యార్థులు మరొక సంగతి గమనించాలి. అరబీలో "కమ్" అనే పదం తరువాత వచ్చే నామవాచకం ఏకవచనంలో ఉంటుంది: "కమ్ కితాబన్". ఆ అలవాటుతో "హౌ మెనీ బుక్" అని వ్రాసేవారున్నారు. ఇంగ్లీషులో తెలుగులో వలెనే బహువచనం రావాలి: "హౌ మెనీ బుక్స్", ఎన్ని పుస్తకాలు. అలాగే సమయం అడిగేటప్పుడు తెలుగువారు ఎన్ని గంటలైంది అని లెక్క అడుగుతారు. ఇంగ్లీషువారు లెక్క అడగరు. "వాట్ టైమ్ ఈజ్ ఇట్?" అంటారు.

"ఎన్నో" అనే చిక్కు

తెలుగులో ఉండి ఇంగ్లీషులో లేని ఒక చక్కని ప్రశ్నార్థక పదం ఉన్నది. అదే వరుసను అడిగే ఎన్నో లేక ఎన్నవ అనే మాట. ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ గారు మన దేశానికి ఎన్నో రాష్ట్రపతి? పదకొండవ రాష్ట్రపతి. ఈ ప్రశ్నను చిన్న పిల్లవాడైనా తెలుగులో అడగగలడు. ఇంగ్లీషులో దీనికి సూటిగా సరిపోయే ఒక్క పదం లేదు. ఎంత గొప్ప పండితుడైనా ప్రశ్న రూపాన్నే మార్చుకోక తప్పదు: "హౌ మెనీ ప్రెసిడెంట్స్ డిడ్ ఇండియా హావ్ బిఫోర్ అబ్దుల్ కలామ్?" జవాబు పది అని వస్తుంది. మనం ఒకటి కలుపుకోవాలి.

అయితే ప్రతిసారీ ఇంత శ్రమ అక్కరలేదు. వరుస ముందే తెలిసినదైతే "విచ్" సరిపోతుంది. ఎన్నో తరగతి అంటే "విచ్ క్లాస్". ఎన్నో అంతస్తు అంటే "విచ్ ఫ్లోర్". ఈరోజు ఎన్నో తారీఖు అనే ప్రశ్నకు "వాట్ ఈజ్ ద డేట్ టుడే?" అంటారు. మీ అమ్మానాన్నలకు మీరు ఎన్నో సంతానం అని అడగాలంటే "ఆర్ యూ ది ఎల్డెస్ట్?" అని మొదలుపెట్టడం తేలిక. కాదంటే వారే తమ స్థానం చెబుతారు. ఇక్కడ కూడా సూత్రం అదే: పదాన్ని వెతకకండి, రావలసిన జవాబును వెతకండి.

"వాట్" ఎప్పుడు, "విచ్" ఎప్పుడు?

ఎదుట ఉన్న కొన్నింటిలో ఒకటి ఎంచమని అడిగితే "విచ్". ఎంపికకు హద్దు లేనప్పుడు "వాట్". ధవళేశ్వరం ఆనకట్టకు నాలుగు భాగాలున్నాయి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఈ నాలుగింటిలో ఏది అని అడిగితే "విచ్". నీవు ఏం తిన్నావు అంటే "వాట్". బస్‌స్టాండులో నిలబడి "విచ్ బస్ గోస్ టు అమలాపురం?" అనాలి. ఎందుకంటే బస్సులు కళ్ల ఎదుటే ఉన్నాయి. నహ్వ్ చదివినవారు దీనిని అరబీలోని "అయ్యు", "మా" అనే పదాల మధ్య తేడాగా గుర్తుంచుకోవచ్చు. తెలుగులో ఏది, ఏమిటి అనే జంట కూడా ఇదే పని చేస్తుంది. చిక్కంతా ఏ అనే పొట్టి మాటతోనే. ఏ పని అన్నా ఏ అనే, ఏ బస్సు అన్నా ఏ అనే. కనుక ఏ అనే మాట నోట వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఎంచవలసినవి ఎదుట ఉన్నాయా లేదా అని చూసుకోండి.

"ఎవరు" కడతారు? "ఎవరికి" కట్టాలి?

తెలుగులో విభక్తి ప్రత్యయం అర్థాన్ని కాపాడుతుంది. ఎవరు, ఎవరిని, ఎవరికి, ఎవరిది అనే మాటలు వాక్యంలో ఎక్కడున్నా వాటి అర్థం మారదు. ఇంగ్లీషులో ఆ కాపలా చాలావరకు పదాల వరుసదే. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తానన్న మధ్యవర్తితో మాట్లాడేటప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. "హూ విల్ పే ఫర్ ద టికెట్?" అంటే టికెట్టు డబ్బు ఎవరు కడతారు అని. "హూమ్ షుడ్ ఐ పే?" అంటే నేను ఎవరికి కట్టాలి అని. మొదటిదానిలో కట్టేవారు ఎవరో తేలలేదు. రెండవదానిలో కట్టేది నేనేనని ముందే ఒప్పుకొన్నట్లయింది. మొదటి ప్రశ్న అడగవలసినచోట రెండవది అడిగితే బేరం అక్కడే మన చేయి దాటిపోతుంది. నేటి సంభాషణలో "హూమ్" బదులు "హూ" అనే అంటున్నారు. అలా అన్నా "షుడ్ ఐ" అనే వరుస అర్థాన్ని కాపాడుతుంది.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. ప్రశ్నార్థక పదమే కర్త అయితే "డూ, డజ్, డిడ్" అవసరం లేదు. "హూ బ్రోక్ ద కప్?" అంటే చాలు. కర్త వేరొకరైతేనే అవి వస్తాయి: "హూ డిడ్ యూ సీ?" అలా వచ్చినప్పుడు కాలాన్ని "డిడ్" ఒక్కటే మోస్తుంది. కాబట్టి "వేర్ డిడ్ యూ వెంట్?" అనకూడదు, "వేర్ డిడ్ యూ గో?" అనాలి. ఒక బరువును ఇద్దరి నెత్తిన పెట్టనవసరం లేదు.

అవునా, కాదా అని అడిగే ప్రశ్నలు

ఈ రకమైన ప్రశ్నలకు ప్రశ్నార్థక పదమే ఉండదు. తెలుగులో వాక్యం చివర ఒక దీర్ఘం చేరిస్తే చాలు: వస్తున్నావు, వస్తున్నావా? ఉర్దూలో వాక్యం మొదట "క్యా" వస్తుంది. ఏమిటి అనడానికీ "క్యా", అవునా కాదా అనడానికీ "క్యా". అందువల్ల ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు కొందరు "వాట్, యూ ఆర్ కమింగ్?" అంటారు. తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు "యూ ఆర్ కమింగ్?" అని గొంతు పైకెత్తి ఊరుకొంటారు. సరైన రూపం "ఆర్ యూ కమింగ్?"

దీనికి అరబీ ఒక మంచి తోవ చూపుతుంది. అరబీ వ్యాకరణంలో ప్రశ్నార్థకాలను రెండు తరగతులుగా చెబుతారు. "హల్", హమ్జా అనే రెండూ అవ్యయాలు. మిగిలిన "మన్, మా, మతా, కైఫ" మొదలైనవి నామాలు. ఆ రెండు అవ్యయాలు వాక్యం ముందు నిలిచి అవునా కాదా అని అడుగుతాయి. ఇంగ్లీషులో ఆ స్థానంలో "ఆర్, ఈజ్, డూ, డజ్, డిడ్, కెన్" నిలుస్తాయి. తేడా ఒక్కటే: "హల్" ఎన్నడూ మారదు, ఇంగ్లీషు మాటలు కర్తనుబట్టి, కాలాన్నిబట్టి మారుతాయి.

"అండి"ని ఇంగ్లీషులోకి ఎలా తీసుకుపోవాలి?

గోదావరి ప్రాంతపు మనిషి కొత్తవారితో "అండి" లేకుండా మాట్లాడడు. ఆ అలవాటు మనకు అలంకారం. కానీ "వేర్ ఈజ్ ద బ్యాంక్?" అనే ఇంగ్లీషు వాక్యంలో ఆ "అండి" ఎక్కడున్నది? చివర "సర్" తగిలించినంత మాత్రాన అది పూర్తిగా రాదు. ఇంగ్లీషులో మర్యాద ప్రశ్న నిర్మాణంలోనే ఉంటుంది: "కుడ్ యూ టెల్ మీ వేర్ ద బ్యాంక్ ఈజ్?" బ్యాంకు ఎక్కడుందో చెప్పగలరా అండి అన్నట్లు.

ఇక్కడే చదువుకొన్నవారు కూడా తడబడతారు. "కుడ్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద బ్యాంక్" అంటారు. "ఈజ్" చివరకు పోవాలి. కారణం ఏమంటే, "కుడ్ యూ" అన్నప్పుడే ప్రశ్న అడగడం అయిపోయింది. లోపలి భాగం ఇక ప్రశ్న కాదు, మామూలు వాక్యమే. దీనిని గుర్తించడానికి తెలుగు మనకొక గుర్తు ఇచ్చింది. ఎక్కడుంది అనే మాట ఎక్కడుందో అని మారింది చూశారా? ఆ "ఓ" వినిపించినచోట ఇంగ్లీషులో కర్త ముందు, క్రియ తరువాత. అతడు ఎక్కడున్నాడో తెలియదు: "ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్". ఆమె ఎక్కడ ఉంటుందో తెలుసా: "డూ యూ నో వేర్ షీ లివ్స్?" ఈ ఒక్క "ఓ" గుర్తు పెట్టుకొంటే చాలా తప్పులు తొలగిపోతాయి.

మర్యాదకు సంబంధించినదే మరొకటి, "వై". ఇంటికి వచ్చిన అతిథిని ఎందుకు వచ్చారు అని మనం అడగము. ఏం పని మీద వచ్చారండి అంటాము. ఇంగ్లీషులో కూడా "వై డిడ్ యూ కమ్?" అంటే నిలదీసినట్లుంటుంది. "వాట్ బ్రింగ్స్ యూ హియర్?" అంటే ఆప్యాయంగా ఉంటుంది. విమానాశ్రయంలో అధికారి కూడా "వాట్ ఈజ్ ద పర్పస్ ఆఫ్ యువర్ విజిట్?" అని అడగవచ్చు. మాట "వాట్" అయినా అడిగింది ఎందుకు వచ్చావనే. "వాట్" వినగానే పేరో, వృత్తో చెప్పేయకుండా వాక్యం పూర్తిగా వినమని ప్రయాణమయ్యేవారికి చెప్పండి. అలాగే బయలుదేరుతున్నవారిని ఎక్కడికి అని అడగడం మన పల్లెల్లో మోటుగా భావిస్తారు, ఎందాకా అంటారు. శకునాల సంగతి మనకు పట్టదు గానీ, ఆ మాటలోని సున్నితం మంచిదే. దానికి ఇంగ్లీషులో దగ్గరి మాట "హౌ ఫార్ ఆర్ యూ గోయింగ్?"

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

ఇంగ్లీషు రాని తల్లులు పిల్లల చదువులో తమకు పాత్ర లేదనుకొంటారు. అది నిజం కాదు. ఇంతవరకు చూసిన తేడాలలో చాలావాటిని మీ తెలుగు, మీ ఉర్దూ ముందే గుర్తించాయి. ఎంతకూ ఎన్నికీ, ఏదికీ ఏమిటికీ, ఎవరుకీ ఎవరికికీ మీరు ఏనాడూ తికమకపడలేదు. కాబట్టి రాత్రి భోజనాలయ్యాక పిల్లలను కూర్చోబెట్టి మీరు జవాబు చెప్పండి. దానికి తగిన ప్రశ్నను ముందు ఇంటి భాషలో, తరువాత ఇంగ్లీషులో వారిని అడగమనండి. ఇంటి భాషలో ప్రశ్న సరిగా కుదిరిందో లేదో మీరు తేల్చగలరు. ఇంగ్లీషు మాటను వారు పుస్తకంలో సరిచూసుకొంటారు. ఈ నెలకు ఆరు జవాబులు, వాటి ప్రశ్నలు ఇవి.

"మూడు రోజుల నుంచి." జ్వరం ఎప్పటి నుంచి? "హౌ లాంగ్ హావ్ యూ హ్యాడ్ ఫీవర్?" "ఫ్రమ్ వెన్" అని మొదలుపెట్టకూడదు.

"చాలా ఓర్పు గలవారు." మీ కొత్త ఉస్తాద్ ఎలాంటివారు? "వాట్ ఈజ్ యువర్ న్యూ టీచర్ లైక్?" "హౌ ఈజ్" అంటే ఆరోగ్యం అడిగినట్లవుతుంది.

"రెండు గంటలు." ప్రయాణం ఎంతసేపు? "హౌ లాంగ్ డజ్ ద జర్నీ టేక్?"

"భీమవరం." మీది ఏ ఊరు? "వేర్ ఆర్ యూ ఫ్రమ్?" అరబీ "మిన్ అయ్‌న" అలవాటుతో "ఫ్రమ్"ను ముందుకు తేకండి, అది చివరనే ఉండాలి.

"మా చెల్లెలిది." ఈ సంచి ఎవరిది? "హూజ్ బ్యాగ్ ఈజ్ దిస్?"

"ఏడు గంటలకు." బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పగలరా? "కుడ్ యూ టెల్ మీ వెన్ ద బస్ లీవ్స్?" ఇక్కడ "ఓ" ఉన్నది గమనించండి.

అరబీలో ప్రశ్నించడాన్ని "ఇస్తిఫ్‌హామ్" అంటారు. "ఫహ్మ్" అంటే అవగాహన; "ఇస్తిఫ్‌హామ్" అంటే అవగాహనను కోరడం. తనకు ఏది తెలియదో స్పష్టంగా తెలిసినవాడే దానిని సరిగా కోరగలడు. మీ పిల్లలు వచ్చీరాని ఇంగ్లీషులో ప్రశ్న అడిగినప్పుడు నవ్వకండి. "నీకు ఏ జవాబు కావాలి నాయనా?" అని అడగండి. సరైన పదం అక్కడి నుంచే దొరుకుతుంది.

వచ్చే నెల "డూ, డజ్, డిడ్" ప్రయోగాలను గురించి మరింత వివరంగా తెలుసుకొందాం, ఇన్‌షా అల్లాహ్.